గొంతు అడిగే గని

బండమీదిపల్లె పాత గనికి చెడ్డపేరు నిన్న మొన్న వచ్చింది కాదు.

తాండూరు నుంచి బషీరాబాద్ పోయే బండ్ల బాట పక్కనే ఉండేది ఆ గని. నాపరాళ్లు తీసి తీసి, నేలను నాలుగు నిలువుల లోతుకు చెక్కి, పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు పని ఆపేసి పోయారు దాని తాలూకు వాళ్లు. మెట్లు మెట్లుగా తెగిన బండలు, ఒక మూలన వాననీళ్లు, రాళ్లు పైకి లాగడానికి పాతిన ఇనుప స్తంభం — ఇంతే మిగిలింది. ఇంకొకటి కూడా మిగిలిందని ఊరివాళ్లు అనేవాళ్లు. రాత్రిపూట మాత్రం దాని మాట ఎత్తేవాళ్లు కాదు.

నిజం చెప్పాలంటే మొదట్లో అది మర్యాద తెలిసిన దెయ్యమే. రాళ్లు కొట్టే పనికి కన్నడ దేశం నుంచి వచ్చి, బండ జారి మీద పడి పోయినవాడి దెయ్యం. అమావాస్యకో పున్నానికో టంగు టంగుమని సుత్తె చప్పుడు చేసుకునేది. తన పనేదో తనది. దారిన పోయేవాళ్లను పలకరించేది కాదు. చచ్చినా పని మానలేదు పాపం అని ఊళ్లో జాలిపడేవాళ్లు కూడా ఉండేవాళ్లు.

అలాంటిది, చైనా యుద్ధం వచ్చిన ఏడు చలికాలంలో… ఆ దెయ్యం మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదట విన్నవాడు బండి ఈరయ్య. తాండూరు స్టేషనుకు బండలు తోలి, ఖాళీ బండితో తిరిగొచ్చే మనిషి. ఊళ్లో ఈరయ్య నోరు తెరిస్తే మూయించడం ఆ బ్రహ్మతరం కూడా కాదు. ఎడ్లు కూడా ఆయన ముచ్చట్లకే అలసిపోతాయని అనేవాళ్లు. అలాంటి ఈరయ్య ఒక బుధవారం రాత్రి గని మీదుగా వచ్చి — మూడు రోజులు నోరు విప్పలేదు. మిరియాల కషాయం పోశారు, తాయెత్తు కట్టారు. ఊహూ. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎంత నిమ్మళంగా ఉందో ఆయన పెళ్లాం ఊరంతా చెప్పుకుంది.

నాలుగో రోజు పంచాయతీ అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"గొంతు అడుగుతదిరా అది… 'నీ పేరు చెప్పు… పేరు చెప్తే నీ గొంతు నాది' అంటది. నేను ఊకోలేక 'ఎవర్రా' అన్న. గంతే. మాట రాలే."

"కన్నడంల అడిగిందా?" అన్నాడు అనంతయ్య. పంచాయతీ పనులన్నీ చూసుకునే పెద్దమనిషి ఆయన.

"అదే గదా పంతులూ! బళ్లె సారు లెక్క… అచ్చమైన పుస్తకం తెలుగు. 'ఓ మానవా' అన్నది."

అరుగు మీదున్నవాళ్లకు చెమటలు పట్టాయి. రాళ్లు కొట్టే దెయ్యమైతే ఎలాగో సర్దుకోవచ్చు. చదువుకున్న దెయ్యంతో ఎవడు వేగుతాడు!

అప్పటి నుంచి పొద్దుగూకితే గని దారిలో మనిషి పురుగు లేదు. తప్పనిసరై పోయేవాళ్లు పెదవులు బిగించుకుని, పేరు అడుగుతుందేమోనని చెవుల్లో బట్టలు కుక్కుకుని పోయేవాళ్లు.

అనంతయ్యకు ఈ దెయ్యం కంటే పెద్ద బాధ ఇంకొకటి ఉండేది. రేడియో. సర్కారు పంచాయతీకి ఇచ్చిన చెక్కపెట్టె అది. కరెంటు లేని ఊరు కనుక దానికో పెద్ద బ్యాటరీ. సాయంత్రం పంటల ముచ్చట్లు, వార్తలు కాగానే టక్కున ఆపి, గది తలుపుకు తాళం వేసేవాడు. "సర్కారు సొమ్ము, జర జాగ్రత్త" అనేవాడు. ఆ కాస్త సేపూ అరుగు నిండా మగవాళ్లే. ఆడవాళ్లు గోడ చాటున నిలబడి ఎరువుల గురించి ఎంత వినబడితే అంత వినేవాళ్లు. ఇంత పొదుపు చేసినా ఆరు నెలలు రావలసిన బ్యాటరీ గడువుకు ముందే నీరసపడుతోంది.

"ఈ ఊరి దెయ్యాలు బ్యాటరీలు గూడ తాగుతున్నయేమో!" అని విసుక్కునేవాడు.

ఇంతకీ మన కథ బీరన్నది.

బీరన్నకు నూట ఇరవై గొర్రెలు, ఒక కుక్క, ఒక భార్య, ఒక కేక ఉండేవి. ఇందులో ఆయన గొప్పగా చెప్పుకునేది కేక గురించే. దిబ్బ మీద నిలబడి "హుర్ర్‌ర్… హోయ్!" అని ఒక్కటి వేస్తే, కనుచూపు మేరలో మేసే మంద తలలెత్తి ఆయన వైపు నడిచొచ్చేది. తాత వేసిన కేక, అయ్య వేసిన కేక, ఇప్పుడు తనది. వానాకాలంలో మంద ఇంటికొచ్చే రోజుల్లో, ఆయన దిబ్బ మీంచి కేక వేస్తే భార్య రుక్కమ్మ వాకిట్లోంచి "హో…య్" అని జవాబు చెప్పేది. గొర్రెపిల్లల్ని తల్లుల దగ్గరికి విడిచిపెట్టానని గుర్తు. ఇరవై ఏళ్ల అలవాటు అది. రొట్టె చేస్తున్నా, నీళ్లు తోడుతున్నా, నిద్రలో ఉన్నా సరే — ఆ కేక చెవిన పడితే ఆమె నోట జవాబు దానంతటదే వచ్చేది.

ఇక దేవుని పొట్టేలు. బీరప్ప పేరున విడిచిన పొట్టేలు అది. మెడలో ఇత్తడి గంట, మెలితిరిగిన కొమ్ములు, ఎవరినీ లెక్కచేయని నడక. అందుకే దానికి బీరన్న 'పటేలు' అని పేరు పెట్టుకున్నాడు — ఊళ్లో అసలు పటేలు లేనప్పుడే అలా పిలిచేవాడనుకోండి. ఏటేటా బీరప్ప పండుగనాడు గుడి ముందు బీరన్న కేక వేయాలి, పటేలు ముందు నడవాలి, మంద దాని వెనక గుడి చుట్టూ మూడుసార్లు తిరగాలి. పొట్టేలు లేకపోయినా, కేక లేకపోయినా ఆ ఏడు మందకు రోగం తప్పదని ఒక భయం. అంతకంటే, నలుగురిలో తలెత్తుకోలేనని బీరన్న భయం.

రేపు గురువారం పండుగ అనగా, బుధవారం రాత్రి మందను గని పక్క చేనులో పెట్టాడు బీరన్న. ఎరువు కోసం రైతులు అలా పెట్టించుకుంటారు; మాటిచ్చాక దెయ్యం ఉందని తప్పుకోలేడు. చుట్టూ తడకలు కట్టి, గొంగడి కప్పుకుని కాపరి అక్కడే పడుకోవాలి. రుక్కమ్మ పొద్దుగూకే వేళకు జొన్నరొట్టె, ఉల్లికారం తెచ్చింది. ఎప్పటిలాగే పటేలుకు బెల్లం ముక్క తినిపించింది. ఎప్పటిలాగే దాని కొమ్ముల మధ్య గోకింది. కానీ కూర్చోలేదు.

"ఏమే, గంత తొందరేంది?"

"పండుగ పని ఉండదా ఇంట్ల! తిని పండుకో" అని గొంగడి నెత్తిన వేసుకుని గబగబా వెళ్లిపోయింది.

తిన్నాడు. పడుకున్నాడు. ఒక కునుకు తీశాడో లేదో — చలికి మెలకువ వచ్చింది. చేయి చాపి తడిమాడు. కాళ్ల దగ్గర పడుకోవలసిన పటేలు లేదు.

లేచి చూశాడు. తడక పక్కకు జరిగి ఉంది.

మందంతా వెతికాడు. లేదు. చేను గట్టు దాకా పోయాడు. లేదు. కేక వేయబోయి నోరు తెరిచాడు… అప్పుడే వినబడింది.

టింగ్… టింగ్…

పటేలు గంట. గని లోపలి నుంచి.

తెరిచిన నోరు టపీమని మూసుకున్నాడు.

ఇప్పుడు చూడండి ఆ మనిషి కష్టం. పొట్టేలు కావాలంటే కేక వేయాలి. కేక వేస్తే గొంతు పోతుంది. గొంతు పోతే రేపు బీరప్ప ముందు కేక వేసేదెవరు? పొట్టేలు లేని కేకా, కేక లేని పొట్టేలా? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే — బీరన్నకు నుయ్యీ గొయ్యీ రెండూ గనిలోనే ఉన్నాయి.

కుక్కను మంద దగ్గర కూర్చోబెట్టాడు. కర్ర పుచ్చుకున్నాడు. బీరప్పను తలుచుకున్నాడు — మనసులోనే. నోటితో అనలేదు.

గని అంచుకు వచ్చేసరికి గాలి ఆగిపోయింది. చెప్పులు విడిచి, ఒక్కో మెట్టు దిగాడు. ఒకటి… రెండు… మూడు. కాళ్ల కింద బండలు మంచుముద్దల్లా ఉన్నాయి.

నాలుగో మెట్టు మీద — మాట వినబడింది.

"మానవకన్యా…"

బీరన్న కాళ్లు అక్కడే పాతుకుపోయాయి.

"మానవకన్యా… చుక్కల లోకానికి వచ్చినవారు ఎవరూ తిరిగి భూమికి పోలేదు…"

ఈరయ్య చెప్పింది నిజమే. అచ్చమైన పుస్తకం తెలుగు. అక్షరం ఒత్తు తప్పడం లేదు. ఆ గొంతు ఒక మూల నుంచి కాదు, గని గోడలన్నిటి నుంచీ వస్తున్నట్టుంది. అంతలో హూ…మని సుడిగాలి లేచింది. కానీ గొంగడి అంచు కదలలేదు. చప్పుడే తప్ప గాలి లేదు. బీరన్న ముఖం మీద చెమట తుడుచుకున్నాడు.

"నీ పేరు పలుకు… పలికిన మరుక్షణం నీ గొంతు ఈ గాజుసీసాలో ఉంటుంది… ఇదిగో, వేయి సీసాలు… వేయి గొంతులు…"

తన కేక కూడా సీసాలో పడి, మూత బిగించుకుని, మామిడికాయ తొక్కులాగా మూలన ఉండిపోతుందా? బీరన్నకు ఏడుపొచ్చింది. ఆ సీసాల్లో ఈరయ్య గొంతు ఏదో కనబడుతుందేమోనని బండ చాటు నుంచి తొంగి చూశాడు.

లోపల చిన్న వెలుతురు. వత్తి బాగా తగ్గించిన కందిలి. దాని చుట్టూ నల్లగా, గుండ్రంగా… ముద్దలు ముద్దలుగా ఏవో ఉన్నాయి.

గొర్రెలు! ముందుగా ఆయనకు తోచింది అదే. గొర్రెల కాపరికి చీకట్లో నల్లటిది ఏది కనబడినా గొర్రేనాయె. ఎవరిదో మంద తప్పిపోయి వచ్చి పడుకుందనుకున్నాడు. అలవాటు కొద్దీ జతలు జతలుగా లెక్కపెట్టాడు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది… ఒకటి ఎక్కువ. ఆ ఒకటికి కొమ్ములున్నాయి. పటేలు!

మధ్యలో దర్జాగా పడుకుని నెమరు వేస్తోంది.

ప్రాణం లేచొచ్చింది. కానీ గొర్రెలు చలికి తలలు ఒకదాని కడుపు కింద ఒకటి పెట్టుకుని పడుకుంటాయి. ఇవి నిటారుగా కూర్చున్నాయి. ఇదేం తీరు అని బీరన్న కళ్లు చికిలించి చూస్తుండగా, ఒక ముద్దలోంచి చేయి బయటికొచ్చింది. తల గోక్కుంది. మళ్లీ లోపలికి పోయింది.

గొర్రెలకు చేతులు ఉండవు కదా.

పది దెయ్యాలు. ఒక పొట్టేలు.

నోరు విప్పకుండా ఎన్ని తంటాలు పడాలో అన్నీ పడ్డాడు. కర్ర ఊపాడు. గొంగడి దులిపాడు. రెండు వేళ్లతో గడ్డి పెడుతున్నట్టు సైగ చేశాడు. పటేలు ఒకసారి తల తిప్పి చూసింది. చూసి, ఎవరో తెలియనివాడిని చూసినట్టు మళ్లీ అటు తిరిగింది. అసలు పటేలు కూడా ఇంత పొగరు చూపించడు!

"ఇక గడువు లేదు…" అంది గొంతు. "పలుకు… పలుకు… పలుకు…"

ముద్దలన్నీ ఒక్కసారి వెలుతురు మీదికి వంగాయి. వాటి మధ్య పటేలు కనబడకుండా పోయింది. మింగేశాయా? పంచుకుంటున్నాయా? బీరన్నకు ఇక ఆగబుద్ధి కాలేదు. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి సంకలో వేసుకుని పెంచిన జీవం. గొంతు పోతే పోయింది, మూగవాడినై బతుకుతాను గానీ దాన్ని వదిలి పోతానా అనుకున్నాడు.

ఊపిరి గుండెల నిండా పీల్చుకున్నాడు.

"హుర్ర్‌ర్‌ర్… హోయ్!"

గని దద్దరిల్లింది. ఆ గోడ ఈ గోడకు చెప్పింది. గబ్బిలాలు లేచిపోయాయి. ఊళ్లో కుక్కలు మొరిగాయి. పటేలు దిగ్గున లేచి నిలబడింది.

అంతలో, ఆ నల్లటి ముద్దల నడుమ నుంచి…

"హో…య్!"

జవాబు.

ఇరవై ఏళ్లుగా వింటున్న జవాబు. అదే సాగదీత, అదే చివరి విరుపు.

ఆ వెంటనే ఆ ముద్ద రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది.

"రుక్కీ?" అన్నాడు బీరన్న.

"అయ్యో నా నోరు పాడుగాను!" అంది ముద్ద.

మిగతా తొమ్మిది ముద్దలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. దెయ్యాలైతే అప్పుడు మీద పడాలి. ఇవి మాత్రం వేళ్లు పెదవుల మీద పెట్టుకుని, కోపంగా —

"ష్ష్! ఊకో! పిల్ల పేరు చెప్పవోతున్నది!"

మధ్యలో, గంపలో, పాత చీర మీద కూర్చుని ఉంది… పంచాయతీ రేడియో. దాని తీగ ఇనుప స్తంభం పైదాకా పోయింది.

బీరన్నకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. బండ మీద కూలబడ్డాడు. కందిలి పక్కనున్న ముద్ద గొంగడి ముసుగు తీసింది. పంచాయతీ గది ఊడ్చే మార్త. ఊడ్వడానికని గది తాళంచెవి ఒకటి ఆమె కొంగునే ఉండేది కదా!

"తప్పు నాదే అన్నా" అంది మార్త గుసగుసగా. "మా అమ్మకు కడుపుల నొస్తే వికారాబాద్ మిషన్ దవాఖానల పది దినాలున్న. ఆడ నర్సమ్మ రేడియోల ఇన్న ఈ నాటకం. ఓ పిల్ల ఇనుప గుండుల కూసోని చుక్కల లోకం వోతది. ఆడ గొంతులు దొంగిలించే రాజు పట్టుకుంటడు. సగంల ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన. నిద్ర పట్టలే. వారానికొక్క గంట, బుధవారం రాత్రి. ఊళ్ల పెడ్తే ఇంటరు గదా… గందుకు ఈడ."

"దేవుని పొట్టేలును గూడ తోలుకొస్తివా నువ్వు!" అన్నాడు బీరన్న పెళ్లాంతో.

"నేను తోలుకరాలే. బెల్లం వాసనకు ఎనకవడి వచ్చింది. ఎల్లగొడ్తే పోతలేదు" అంది రుక్కమ్మ. తర్వాత తల వంచుకుని, "పొద్దంత గొర్రెల ముచ్చట, రాత్రంత గొర్రెల ముచ్చట. నేనేమన్న అంటున్ననా? ఏడొద్దులల్ల ఒక్క గంట. జర చుక్కల మీదికి వోయొస్త. గది గూడ ఒద్దంటవా?"

ఇరవై ఏళ్లుగా తన కేకకు జవాబు చెబుతున్న మనిషి, తన నోటితో తనకేం కావాలో అడగడం బీరన్న వినడం అదే మొదటిసారి. సిగ్గేసింది. సిగ్గు కనబడకుండా గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. పదకొండో ముద్ద అయ్యాడు.

"పైకి వోయినోడు కిందికెట్లొస్తడే?" అని ఒకసారి అడిగాడు. తిట్టారు. మళ్లీ అడగలేదు. కాసేపటికి పటేలు మెడ మీద చేయి వేసి, రాజు సీసా మూత తీస్తుంటే తన గొంతే తడుముకోసాగాడు.

"నా పేరు…" అంది రేడియోలో పిల్ల, వణుకుతూ. "నా పేరు…"

కిర్ర్… కీచ్… కుయ్.

బ్యాటరీ చచ్చిపోయింది.

పది మంది ఆడవాళ్లు, ఒక మగవాడు, చీకట్లో తలలు పట్టుకున్నారు. పటేలు ఒక్కటే తుమ్మింది.

"మరి ఈరయ్య గొంతెట్ల వోయింది?" అన్నాడు బీరన్న, మెట్లెక్కుతూ.

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. "గది ఈరయ్యనే అడుగు అన్నా" అంది మార్త, గంప నెత్తిన పెట్టుకుంటూ.

తెల్లవారింది. బీరప్ప గుడి ముందు డోళ్లు మోగుతున్నాయి. పసుపు, గుగ్గిలం వాసన. మంద వచ్చింది, ముందు పటేలు. కానీ ఊరి చూపు పటేలు మీద లేదు, బీరన్న మీద ఉంది.

అనంతయ్య జనాన్ని తోసుకుని వచ్చాడు.

"రాత్రి గని లోపట్నుంచి నీ కేక ఇనబడ్డది. ఊరంత ఇన్నది. లోపలికి వోయినవా? ఏమున్నది చెప్పు. ఏం లేకుంటే సంతోషమే — ఇయ్యాల్టి సంది బండ్లోళ్లు రాత్రిళ్లు ఆడ్నే ఎడ్లిప్పి పండుకుంటరు."

డోళ్లు ఆగిపోయాయి. బీరన్న చుట్టూ చూశాడు. పసుపు బండారి గిన్నె పట్టుకుని రుక్కమ్మ, చీపురు పట్టుకుని మార్త, వాళ్ల వెనక మరో ఎనిమిది మంది. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ నేల చూపులే.

అప్పుడు వెలిగింది ఆయనకు. ఏమీ లేదంటే గని బండ్లవాళ్ల పాలవుతుంది. దెయ్యం ఉందని చెబితే, చెప్పడానికి నోరెలా మిగిలిందని అడుగుతారు. ఏ మాట అన్నా ఆ ఆడవాళ్ల ఒక్క గంట పోయినట్టే. మాట్లాడకుండా ఉంటే మాత్రం మిగులుతుంది.

మాట్లాడకపోతే… కేక కూడా లేదు. తాత కేక, అయ్య కేక. ఏడాదంతా ఎదురుచూసిన కేక.

బీరన్న నోరు తెరిచాడు. కేక నాలుక కొస దాకా వచ్చింది.

మింగేశాడు.

గొంతు మీద చేయి పెట్టుకుని, లేదు అన్నట్టు తల ఊపాడు.

"వోయింది! బీరన్న గొంతు గూడ వోయింది!" జనం రెండడుగులు వెనక్కి వేశారు. అనంతయ్య ముఖం పాలిపోయింది. "మరి… కేకెవలు ఎయ్యాలె? పూజ ఆగిపాయె గదా!"

మందలో కదలిక లేదు. పటేలు నిలబడ్డ చోటు నుంచి అంగుళం జరగలేదు.

రుక్కమ్మ బండారి గిన్నె కింద పెట్టింది. కొంగు నడుముకు చుట్టింది. ముందుకొచ్చి, గుడి వైపు తిరిగి, ఊపిరి పీల్చుకుంది.

"హుర్ర్‌ర్‌ర్… హోయ్!"

నూట ఇరవై తలలు లేచాయి. పటేలు గంట మోగింది. మంద కదిలింది. జవాబుగా వచ్చే గొంతులో ఇంత కేక దాగి ఉందని ఊళ్లో ఎవరికీ తెలియదు. బీరన్నకూ తెలియదు. కళ్లు చెమ్మగిల్లాయి. అంతలోనే పెద్ద గండం వచ్చిపడింది — ఆ కేకకు "హో…య్" అని జవాబు చెప్పబోయి ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది! గొంగడి చెంగు గబుక్కున నోట్లో కుక్కుకుని, మూడు ప్రదక్షిణలూ అయ్యేదాకా అలాగే కొరుక్కుంటూ నిలబడ్డాడు. గొంతు పోయిన బాధ ఎంత ఉందో చూడండి అని జనం కళ్లు తుడుచుకున్నారు.

పండుగ ముగిసింది. గుడి వెనక బండ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు బీరన్న. మూగతనం మొదటి రోజే నాలుక దురద పెడుతోంది.

ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. బండి ఈరయ్య.

అటు చూశాడు. ఇటు చూశాడు. చుట్ట వెలిగించి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను గూడ గిట్లనే సచ్చిన, మూడొద్దులు" అన్నాడు చెవిలో. "మా ఇంటిది గూడ ఆడనే ఉంటదాయె, నోరెట్ల ఇప్పుతం? మళ్లొస్తనంటే రానియ్యలే… ముచ్చట వెడ్తవని ఎల్లగొట్టిన్రు. నెల రోజులైంది, నిద్ర పడ్తలేదు."

ఇంకా దగ్గరికి జరిగాడు.

"నువ్వేం మాట్లాడకు. తలకాయ ఊపు, చాలు… గా పిల్ల పేరు చెప్పిందా, లేదా?"